మాటా మంతీ: వేరు, వేఱు

కోయంబత్తూరులో కాలేజీలో చదివే మా అమ్మాయి మొన్న తన గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసి తెచ్చింది. "మాది డిస్టింక్ట్ కుటుంబం అని రాశాను నాన్నా. డిస్టింక్టివ్ అనాలా?" అని అడిగింది.

చెక్కుల మీద సంతకాలు పోల్చి చూడడం నా ఉద్యోగం. అందులోంచే ఉదాహరణ చెప్పాను. రెండు సంతకాలు వేరువేరు మనుషులవైతే అవి డిస్టింక్ట్. ఒక ఖాతాదారు పేరు కింద తోకలా గీత లాగుతాడు, ఆ గీత చూడగానే ఇది ఆయనదే అంటాం. ఆ గీత డిస్టింక్టివ్. మొదటిది విడిగా ఉన్నది, రెండోది గుర్తుపట్టించేది. గుడి గంట స్పష్టంగా వినబడినా డిస్టింక్ట్ అనే అంటారు.

"డిస్టింక్ట్‌ని తెలుగులో ఏమంటారు?"

"వేరు."

"అది చెట్టుకుండేది కదా!"

అమ్మాయి బడిలో తమిళం చదివింది. తమిళంలో నేటికీ చెట్టుది చిన్న రకారం, విడిగా ఉన్నదానికి పెద్ద ఱకారం. పాత తెలుగులోనూ అంతే: చెట్టుది వేరు, విడిది వేఱు. బండి ఱ వాడుక పోయాక మనకు రెండూ ఒకటే అయ్యాయి.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. తరతరాలుగా ఇక్కడే ఉన్నా, తోటి పిల్లలు "మీ సొంత ఊరు ఏది?" అంటారట. అందుకే బస్‌స్టాపులో నాతో తెలుగు మాట్లాడడం మానేసింది. నేనేమో బద్ధకం అనుకున్నాను.

మధురై వెళ్లినప్పుడు చూసిన మహల్ గుర్తుచేశాను. 1636లో తిరుమల నాయకుడు కట్టించాడు. ఆ నాయక రాజులు మన తెలుగువాళ్లే. అయినా ఆ మహల్‌ను పరాయిదని మధురైలో ఎవరూ అనరు, మా ఊరిదని గొప్పగా చూపిస్తారు. అది మధురైకి డిస్టింక్టివ్, మధురై నుంచి డిస్టింక్ట్ కాదు.

అమ్మాయి కాసేపు ఆలోచించి వాక్యం కొట్టేసింది. "మా ఇంటి తెలుగు డిస్టింక్టివ్. మేము ఈ ఊరివాళ్లమే" అని రాసింది. వేరు ఉంది, వేఱు లేదు.

మర్నాడు బస్‌స్టాపులో "నాన్నా, చిల్లర ఉందా?" అని తెలుగులోనే అడిగింది. కాస్త మెల్లగానే అనుకోండి!

మీ పిల్లలు బయట మీతో ఏ భాషలో మాట్లాడతారు? ఒక కార్డు ముక్క రాయండి.