కలిగినింటి ఖర్చుల్లో ఇంటామె పని ఏది?

నల్లరేగడి పల్లెల్లో ఇరవై ఎకరాలు, మిద్దె, ట్రాక్టరు ఉంటే కలిగినిల్లు అంటాం. ‘ఆ ఇంటి ఆడోళ్ళకేం, నీడపట్టున ఉంటారు’ అని కూడా అంటాం.

మాదీ అలాంటి ఇల్లే. నీడపట్టున ఏం జరుగుతుందో చెప్తాను. కోడి కూయకముందే మా ఇంటామె లేస్తుంది. కసువు ఊడ్చి, కొట్టంలో పేడ తీసి, రెండు బర్రెల పాలు పిండి కేంద్రానికి పంపేసరికి తెల్లారుతుంది. తర్వాత జొన్నరొట్టెలు, ఊరిబిండి, చేన్లో ఉన్నోళ్ళకు సద్ది. ఏ కూలామె ఎన్ని రోజులు వచ్చింది, ఎంత బాకీ అన్నది ఆమె నోటి లెక్క. వేరుశనగ వేసే ఏడు విత్తనపు కాయలు ఒలవడం, పప్పుశనగ ఇంటికొస్తే ఎండబెట్టి పురుగు పట్టకుండా చూడడం ఆమె పనే. వాన మొహం చాటేసిన ఏడు మా ఇల్లు నడిచింది పాల డబ్బుతోనే. పాసుపుస్తకంలో మాత్రం నా పేరొక్కటే.

స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి, సి2 ఖర్చు మీద 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని మనం అడుగుతున్నాం. న్యాయమైన డిమాండే. సొంత భూమి కౌలుకు, సొంత పెట్టుబడి వడ్డీకి, కుటుంబ శ్రమకు విలువ కట్టే లెక్క అది. మరి ఖర్చు చెప్పమంటే మనం విత్తనం, మందులు, డీజిలు, కూలి చెప్పి ఊరుకుంటాం. ఇంటామె పనిదినాలు ఎవరం చెప్తున్నాం? మనమే రాయని ఖర్చుకు ఢిల్లీ ధర కడుతుందా?

2007 జాతీయ రైతు విధానం పట్టా ఉన్నవాళ్ళనే కాదు, కౌలుదార్లను, కూలీలను, పశుపోషకులను కూడా రైతులనే అంది. ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఊర్లో మాత్రం బ్యాంకు అప్పు పాసుపుస్తకం వెంటే నడుస్తుంది. భర్త పోయిన ఇంట్లో అప్పులోళ్ళు మరుసటి వారమే ఆమె గడప తొక్కుతారు. భూమి ఆమె పేరిట మారడానికి మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కలిగినింట్లోనే ఇట్లుంటే మన చేన్లో కూలి చేసి పోయి, ఇంటికాడ ఇదంతా మళ్ళీ చేసే ఆడమనిషి సంగతి ఆలోచించండి.

ఈసారి సంఘం సభ్యత్వం ఇంటికి రెండు పేర్లతో రాద్దాం. పంట ఖర్చుల పుస్తకంలో ఆమె పనిదినాలకూ ఒక గీత గీద్దాం. మన పేరున్న భూమిలో కొంతైనా, మనం బతికుండగానే, ఆమె పేరిట రాద్దాం. సంఘం మీటింగుకు టీ పెట్టే మనిషిగా కాదు, లెక్క చెప్పే రైతుగా ఆమెను కూర్చోబెడదాం.