టమాటాకు పుట్టగొడుగుతో పోటీ ఎందుకు?

టమాటా ధర పడిపోయినప్పుడల్లా మనకో సలహా వినపడుతుంది: "టమాటా ఎందుకండీ, పుట్టగొడుగులు పెంచుకోండి. పోషకాలూ ఎక్కువే, ధరా ఎక్కువే." పంటను రోడ్డు మీద పారబోసి ఇంటికొచ్చిన రైతుకు ఈ మాట పుండు మీద కారం చల్లినట్టుంటుంది. అయినా కోపం పక్కనపెట్టి లెక్క చూద్దాం.

వంద గ్రాముల టమాటాలో మాంసకృత్తులు ఒక గ్రాము లోపే. బటన్ పుట్టగొడుగుల్లో సుమారు 3 గ్రాములు. రైబోఫ్లేవిన్, నియాసిన్ అనే బి విటమిన్లు కూడా వాటిలోనే ఎక్కువ. ఎండ తగిలితే వాటిలో డి విటమిన్ తయారవుతుంది. ఇంతవరకు సలహాదారుల మాట నిజమే.

కానీ సి విటమిన్ టమాటాలో సుమారు 14 మిల్లీగ్రాములుంటే, పుట్టగొడుగుల్లో 2 మాత్రమే. టమాటాకు ఎర్రదనాన్నిచ్చే లైకోపిన్ పుట్టగొడుగుల్లో ఉండదు. నూనెలో మగ్గబెడితే అది ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మన ఇళ్లలో టమాటా పచ్చడి చేసేది అలాగే కదా! రెండింటిలోనూ 90 శాతానికి పైగా నీరే. మాంసకృత్తులే కావాలంటే వంద గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైనే ఉన్నాయి. కాబట్టి దేని గుణం దానిదే. ఒకటి తీసేసి రెండోది పెట్టడానికి కుదరదు.

పుట్టగొడుగుల పెంపకానికి మేం వ్యతిరేకం కాదు. వరిగడ్డి, ఒక గది ఉంటే ముత్యపు చిప్ప రకం పెంచుకోవచ్చు. చిన్న రైతు కుటుంబానికి అది మంచి పక్క ఆదాయం. బటన్ రకానికి మాత్రం చల్లటి గది, కరెంటు ఖర్చు తప్పవు. కోసిన ఒకటి రెండు రోజుల్లో అమ్ముకోకపోతే చేతికేమీ రాదు. కొనేవాళ్లను చూపించకుండా అందరినీ అటు తోలితే, రేపు రోడ్డు మీద పుట్టగొడుగులు కనపడతాయి.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి రైతులు పారబోసుకునే స్థితికి దిగజారింది. ఆ రెండు నెలల్లో టమాటాలో పోషకాలేమీ తగ్గలేదే! వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రమే చెప్పింది. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 2018-19 కేంద్ర బడ్జెట్లో 500 కోట్లతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించారు. ఆ తర్వాత కూడా మన గంపల గతి మారలేదు.

అందుకే మేం అడుగుతున్నాం. ధర పడిపోగానే ప్రభుత్వమే మార్కెట్లోకి దిగి గిట్టుబాటు ధరకు కొనాలి. మదనపల్లె, పత్తికొండ ప్రాంతాల పంటకు సరిపడా గుజ్జు తయారీ కేంద్రాలు, శీతల గిడ్డంగులు పెట్టాలి. బడుల మధ్యాహ్న భోజనానికి, హాస్టళ్లకు టమాటాలూ పుట్టగొడుగులూ రైతుల దగ్గరే నేరుగా కొనాలి. అప్పుడు పిల్లలకు రెండింటి బలమూ అందుతుంది, రైతు చేతికి నాలుగు డబ్బులూ వస్తాయి.