పాతకారు పటంలో వీధికి చోటేది?

నగరవీధిలో పాతకాలపు మోటారుకార్లు బారులుతీరి సాగినప్పుడు జనం మూగడం, చేతిలోని ఫోనులతో పటాలు తీయడం నేడు పరిపాటి అయినది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ముందు ఆగని సందర్శకుడు అరుదు. ఆ కారును కాపాడడానికి ఒక ప్రాసాదమున్నది. అట్టి ఆశ్రయం లేని కార్ల గతి ఏమి? కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలోని కోడూరు వంటి ఊళ్ళకు ఈ ప్రశ్న నగరాలకంటె ఎక్కువ వర్తిస్తుంది.

కేంద్రప్రభుత్వం 2021 జులైలో పాతవాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, మూలరూపం చెడని వాహనాన్ని ‘వింటేజి’ వాహనంగా నమోదు చేయించుకొనవచ్చును. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరాలు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనడానికి తప్ప దానిని రోడ్డుమీద నడపరాదు. ఇంతవరకు సబబే. అయితే ఈ గౌరవం స్వంతానికి వాడుకొన్న వాహనాలకే. బాడుగకు తిరిగినవాటికి లేదు.

ఈ ఒక్క షరతుతో మన రోడ్ల చరిత్రలో పెద్దభాగం వెలి అయినది. అంబాసిడరు కారు 1950ల చివరినుండి 2014 వరకు పశ్చిమబెంగాలులోని ఉత్తరపారాలో తయారైనది. పల్లెల్లో దానిని కొన్నవారు కొద్దిమంది. బాడుగకు ఎక్కినవారే ఎక్కువ. పులిగడ్డ దాటి చల్లపల్లి మీదుగా బెజవాడ పోవలసిన పెండ్లివారికి, పురిటినొప్పులు పడే ఇల్లాలికి అట్టి టాక్సీయే దిక్కు. నిబంధన దృష్టిలో మాత్రం అది వారసత్వం కాదు.

మరొకవంక, ఆర్టీసీ బస్సులతో సహా 15 ఏండ్లు దాటిన ప్రభుత్వవాహనాలను తుక్కుక్రింద తీసివేయాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. పొగ కక్కుతూ, ప్రాణాలకు ముప్పు తెచ్చే బండి దిగిపోవడమే మేలు, కాదనేవారెవరు? బండి పోతే పోవచ్చును; దాని గురుతు కూడ పోవలసిందేనా?

ఇక్కడనే ఛాయాచిత్రంతో పని. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇళ్ళకు ఇళ్ళే కొట్టుకొనిపోయిన దివిసీమలో గోడలమీది పటాలు మిగిలేదెక్కడ? ఉన్నవాటినైనా జాగ్రత్తగా తీసుకొనడం అవసరం. కాని నేటి చిత్రకారులు పలువురు మెరుగుపెట్టిన బానెట్టును, ఇత్తడి దీపాలను పటంలో నిలిపి, వీధిని కత్తిరించివేస్తున్నారు. అట్టి పటానికి, కంపెనీవారి ప్రకటనకు భేదం లేదు. క్యూబా రాజధాని హవానాలో 1959 విప్లవానికి ముందు వచ్చిన అమెరికా కార్లు దశాబ్దాల తరబడి టాక్సీలుగా తిరిగినవి. ఆ పటాల్లో పెచ్చులూడిన గోడలు కూడ ఉండబట్టే ఆ ప్రజల కొరత, ఓపిక తెలుస్తున్నవి. కారు ఒక్కటే ఉంటే అమెరికా వైభవమే తెలిసేది.

నంబరుపలక కూడ సాక్ష్యమే. ‘ఏపీ 16’ అని ఉంటే అది కృష్ణాజిల్లా బండి. 2019లో రాష్ట్రమంతటికీ 39 ఒక్కటే అయినందున, కొత్తబండ్ల మీద ఊరి ఆనవాలు లేదు.

కనుక కోడూరులోనైనా, మరే ఊళ్ళోనైనా చెట్టుక్రింద తుప్పుపడుతున్న టాక్సీని పటం తీసేవారు నంబరుపలకను, వెనుక ఉన్న అంగడిని, ప్రక్కన నిలిచిన డ్రైవరును కూడ అందులోకి రానివ్వాలి. తేదీ, ఊరు, పేర్లు వ్రాసి ఉంచాలి. రాజుల కారుకు ప్రాసాదం కాపు. బాడుగ కారుకు ఆ పటమే కాపు.