అన్నంలో కలిపిన మాత్ర

మా తమ్ముడికి మూడు నెలలు పెరుగన్నంలో మాత్ర పొడి కలిపి పెట్టింది నేనే. కైకలూరు దగ్గర చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. రాత్రిళ్లు ఎవరో పిలుస్తున్నారంటూ నీళ్లలోకి దిగబోయేవాడు. భయపడ్డాం. సంగతి తెలిసిన రోజు కంచం పక్కకు నెట్టి, "అక్కా, నీ చేతి అన్నం కూడా నమ్మకూడదా?" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు తాను వండుకున్నదే తిన్నాడు.

వాడికి వైద్యం కావాలి, నిజమే. దానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉంది. బాగున్నప్పుడే ఏ చికిత్స వద్దో రాసిపెట్టుకోవచ్చు. అత్యవసరమైతే తప్ప దాన్ని మన్నించాలి. తన తరఫున మాట్లాడే మనిషిని తానే ఎంచుకోవచ్చు. ఇష్టం లేకుండా ఆస్పత్రిలో చేర్చినా తొలి గడువు 30 రోజులే. ఈ ముక్క మాకు ఏ ఆస్పత్రిలోనూ చెప్పలేదు.

2020 మేలో విశాఖలో డాక్టర్ సుధాకర్‌ను నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లారు, ఆ తర్వాత మానసిక ఆస్పత్రిలో చేర్చారు. కరోనా రోజుల్లో మాస్కులు లేవని ప్రశ్నించిన, మత్తుమందు ఇచ్చే డాక్టరు ఆయన. బయటికి రావడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. డాక్టరుకే అలా అయితే, చెరువు కాపలావాడి మాట ఎవరు వింటారు?

ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ఆ కాగితం ప్రతి పీహెచ్‌సీలో తెలుగులో దొరకాలి. మా తమ్ముడు పోయిన నెల తనది రాసుకున్నాడు. మొదటి వాక్యం: "నాకు చెప్పకుండా మందు పెట్టొద్దు."