అరకు కాఫీకి పేరొచ్చింది సరే.. రైతుకు సలహా ఇచ్చేదెవరు? అనంతగిరి కొండల ముందు అసలు ప్రశ్న ఇదే!

విశాఖ నుంచి అరకు వెళ్లే వాళ్లు శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే ముందు తగిలేది అనంతగిరి. చాలామంది అక్కడ బండి ఆపి, కాఫీ తాగి, తోటల్లో నాలుగు సెల్ఫీలు దిగి ముందుకు వెళ్లిపోతారు. ఆ తోటలకు ఇప్పుడు ఓ చిన్న పురుగు భయం పట్టుకుంది. పురుగు చిన్నదే కానీ, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం చాలా పెద్దది.

2025 ఆగస్టులో అరకులోయ మండలంలోని కొన్ని తోటల్లో కాఫీ బెర్రీ బోరర్, అంటే కాయ తొలుచు పురుగు బయటపడింది. అధికారులు హుటాహుటిన తోటలు తిరిగారు. పురుగు పట్టిన కాయలను కోయించి నాశనం చేయించారు. రైతులకు పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అరకులోయకు అనంతగిరి పక్క మండలమే. ఒకే రోడ్డు, ఒకే రైలు మార్గం, ఒకే వ్యాపారులు. మరి ఈ పురుగు ఇటువైపు రాకుండా ఆపేదెలా?

అసలు ఏంటీ పురుగు?

నువ్వు గింజ కంటే చిన్నగా ఉండే నల్లటి పెంకు పురుగు ఇది. ఆడ పురుగు కాఫీ కాయ కొనకు రంధ్రం చేసి లోపలికి దూరి, గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ గింజనే తిని పెరుగుతాయి. జీవితంలో ఎక్కువ భాగం కాయ లోపలే గడుపుతుంది కాబట్టి పైన ఎంత మందు కొట్టినా పెద్దగా తగలదు.

మన దేశంలో ఇది మొదట కనిపించింది 1990లో, తమిళనాడు నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో. తర్వాత కర్ణాటక, కేరళ తోటలకు పాకింది. అక్కడి రైతులు మూడు దశాబ్దాలుగా దీనితో పోరాడుతూనే ఉన్నారు. మన మన్యం మాత్రం ఇన్నాళ్లూ తప్పించుకుంది.

దీనికి విరుగుడు సీసాలో దొరికే మందు కాదు, ఓపికతో చేసే పని. కోత అయ్యాక చెట్టుకు ఒక్క కాయ కూడా మిగలకూడదు. నేల రాలిన కాయలన్నీ ఏరాలి. పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్లలో వేసి, తర్వాత లోతుగా పూడ్చాలి. బెవేరియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని సరైన తేమ ఉన్నప్పుడు పిచికారీ చేయాలి. వాడిన గోనె సంచులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరగకుండా చూడాలి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగతావన్నీ వృథా. అంటే ఇక్కడ మందు కంటే విలువైనది సమయానికి అందే సలహా.

సలహాదారులు చాలామంది.. రైతు ఒక్కడే!

అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. పండించేది ఎక్కువగా ఎకరం, రెండెకరాల గిరిజన రైతులు. వీళ్లకు సలహా ఇచ్చే సంస్థలకు లోటేమీ లేదు. కాఫీ బోర్డుకు విస్తరణ సిబ్బంది ఉన్నారు, ఆర్వీనగర్‌లో పరిశోధన కేంద్రం ఉంది. పాడేరు ఐటీడీఏ మొక్కలు ఇస్తుంది, తోటల విస్తరణ చూస్తుంది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, పంట కొంటుంది. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నేర్పుతుంది. నాంది ఫౌండేషన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు కొనుగోలుదారులు సరేసరి.

సమస్య ఎక్కడంటే.. ఒక్కొక్కరి లెక్క ఒక్కోటి. ఒకరికి దిగుబడి ముఖ్యం, ఒకరికి నాణ్యత, మరొకరికి కొనుగోలు లక్ష్యం, ఇంకొకరికి రసాయనాలు వాడకపోవడం. ఎవరి మాటా తప్పు కాదు. కానీ అన్ని మాటలూ వినాల్సిన రైతు ఒక్కడే. మిరియాల తీగ కోసం సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మలు ఎప్పుడు నరకాలి, నీడ ఎంత ఉంచాలి, బెవేరియా ఎప్పుడు కొట్టాలి.. వీటన్నిటికీ కలిపి ఒక్క క్యాలెండర్ అతని చేతిలో ఉంటే సగం గందరగోళం తీరుతుంది.

పారిస్ దాకా ఎలా వెళ్లింది?

సలహా పని చేసిన కథ కూడా ఈ కొండల్లోనే ఉంది. నాంది ఫౌండేషన్ రెండు దశాబ్దాలకు పైగా అరకు ప్రాంతంలో గిరిజన రైతులతో పని చేస్తోంది. ఎరుపెక్కిన పండునే కోయడం, సేంద్రియ ఎరువు తయారీ, తోటవారీగా కాఫీ రుచి పరీక్షించడం ఆ పద్ధతిలో కీలకం. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. సలహా ఇచ్చినవాళ్లే పంటకు మార్కెట్ కూడా వెతికారు. చెప్పినట్టు చేస్తే మంచి ధర వస్తుందని రైతు కళ్లారా చూశాడు, అందుకే నమ్మాడు. చెప్పేవాడికి కూడా లాభనష్టాల్లో వాటా ఉన్నప్పుడే ఆ మాటకు బరువు ఉంటుంది. అయితే ఇలాంటి అండ ఏజెన్సీలోని కాఫీ రైతులందరికీ అందడం లేదు.

రెండో దారి ప్రకృతి వ్యవసాయానిది. ఆఫీసర్ వచ్చి ఉపన్యాసం ఇవ్వడం కాదు, ముందు చేసి చూపించిన రైతే పక్క రైతుకు నేర్పడం ఈ పద్ధతి ప్రాణం. స్వయం సహాయక సంఘాల మహిళలే దీనికి వెన్నెముక. ఈ ఏపీ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన ప్రతిష్ఠాత్మక గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. కొండ మీద ఊళ్లలో కువి, ఒడియా యాస, తెలుగు కలిసి నడిచే చోట, పక్కింటి మనిషి చెప్పిన మాటే వేగంగా పాకుతుంది.

పసిఫిక్ దీవులు ఏం నేర్పాయి?

ఇదే పురుగు 2010లో హవాయి దీవుల్లోని ప్రఖ్యాత కోనా కాఫీ తోటల్లో బయటపడింది. 2017లో పాపువా న్యూగినీకి చేరింది. పాపువా కొండలు మన మన్యానికి చాలా దగ్గరి పోలిక. అక్కడా చిన్న కమతాలే, నిట్టనిలువు దారులే, ఇంటిల్లిపాదీ చేసే సాగే.

హవాయిలో విశ్వవిద్యాలయం, ప్రభుత్వం, రైతు సంఘాలు కలిసి ఒకే పద్ధతి ఖరారు చేశాయి. తోట పరిశీలన, రాలిన కాయల ఏరివేత, బెవేరియా పిచికారీ. పిచికారీ ఖర్చులో కొంత ప్రభుత్వం భరించింది. పురుగు పోలేదు కానీ, దానితో బతకడం రైతులు నేర్చుకున్నారు.

చిన్న చిన్న దీవుల్లో ప్రతి పంటకూ, ప్రతి చేపకూ ఓ నిపుణుడిని పెట్టుకోవడం కుదరదు. అందుకే 1947లో ఏర్పడిన పసిఫిక్ కమ్యూనిటీ అనే ఉమ్మడి సంస్థ వ్యవసాయం, మత్స్య రంగాల్లో దీవులన్నిటికీ సాంకేతిక సాయం చేస్తోంది. దీని ప్రధాన కార్యాలయం న్యూ కాలెడోనియా రాజధాని నుమేయాలో ఉంది. పద్నాలుగు దీవుల దేశాల్లో 'కొండ శిఖరం నుంచి పగడపు దిబ్బ వరకు' అనే కార్యక్రమం కూడా నడిచింది. కొండ మీద మట్టి కొట్టుకుపోతే కింద సముద్రంలో చేప తగ్గుతుంది, అందుకే రెండింటినీ కలిపి చూడాలన్నది దాని సూత్రం.

ఆ సూత్రం అనంతగిరికి అతికినట్టు సరిపోతుంది. గోస్తనీ నది పుట్టేది ఈ కొండల్లోనే. బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ నగరం తాగుతుంది. కాఫీ కోసం నిలబెట్టిన నీడ చెట్లు వాన నీటిని నేలలోకి ఇంకిస్తాయి, మట్టిని పట్టి ఉంచుతాయి. కాఫీ గిట్టుబాటు కాక రైతు తోట వదిలేస్తే ఆ చెట్లకూ గ్యారంటీ ఉండదు. అప్పుడు నష్టం కొండ మీదోళ్లకే కాదు, భీమిలి వలలకూ విశాఖ కుళాయిలకూ తగులుతుంది.

అసలు చిక్కు ఎక్కడ?

పురుగు కనిపించిందని మొదట చెప్పే రైతే మొదట నష్టపోతాడు. ఇదే అసలు చిక్కు. చెప్పగానే కాయలు కోసి పూడ్చేయాలి. ఏడాది ఆదాయం మట్టిలో కలిసిపోతుంది. పరిహారం చేతికి రావడం ఆలస్యమైతే, పక్క ఊరి రైతు తన తోటలో రంధ్రం పడిన కాయ చూసినా నోరు విప్పడు. పురుగుకు కావాల్సింది సరిగ్గా ఆ మౌనమే.

రెండోది కూలీ. రాలిన ప్రతి కాయా ఏరడం అంటే వంగి చేసే పని, రోజుల తరబడి చేసే పని. ఇది ఎక్కువగా పడేది ఇంటి ఆడవాళ్ల నెత్తిన. దానికి డబ్బు లెక్క కట్టకుండా 'తోట శుభ్రంగా ఉంచుకోండి' అని చెప్పి వెళ్లిపోతే అది సలహా కాదు, భారం.

మూడోది కొనసాగింపు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు నిపుణులు వస్తారు, బడ్జెట్ అయిపోగానే మాయమవుతారు. కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. అంతకంటే ముందే సలహాదారు బదిలీ అయిపోతే రైతు ఎవరిని అడగాలి?

ఇప్పుడు చేయాల్సిందేంటి?

కొత్త సంస్థ అక్కర్లేదు. ఉన్నవాళ్లంతా కలిసి ఒకే మాట చెప్పాలి. కాఫీ బోర్డు, ఐటీడీఏ, జీసీసీ, రైతు సాధికార సంస్థ కూర్చుని బొమ్మలతో, నెలవారీగా ఒక్క క్యాలెండర్ తయారు చేయాలి. ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు యువకులకో, మహిళలకో తోట పరిశీలన నేర్పి, గౌరవ వేతనం ఇవ్వాలి. కాయలు ఏరే పనికి కూలీ కట్టాలి. పరిహారం వారాల్లో అందాలి, నెలల్లో కాదు. పురుగు సమాచారం ఇచ్చిన రైతును నేరస్తుడిలా కాకుండా ఊరిని కాపాడినవాడిలా చూడాలి.

అరకు కాఫీ బ్రాండ్ కట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. దాన్ని నిలబెట్టేది పారిస్ పతకం కాదు. అనంతగిరి వాలు మీద నిలబడి, కాయ కొన వైపు తిప్పి చూసి, రంధ్రం ఉందో లేదో చెప్పగలిగే మనిషి. ఆ మనిషి మాట విని, మర్నాడే కొండెక్కి వచ్చే వ్యవస్థ ఉందా లేదా అన్నది రాబోయే కోత సీజన్‌లో తేలిపోతుంది.