లోహపు ముక్కకు పేరేది?

గత మాసంలో పుంగనూరు ప్రాంతానికి చెందిన నా పూర్వ విద్యార్థి ఒకడు మదనపల్లెలోని మా ఇంటికి వచ్చి, ఒక గుడ్డమూటను నా ముందు విప్పినాడు. నేలలోని లోహాన్ని పసిగట్టి కూతపెట్టే యంత్రమును, మెటల్ డిటెక్టర్ అంటారే, దానిని అంతర్జాలంలో కొని తమ సొంత చేలో తిప్పుతున్నాడట. మూటలో బంగారమేమీ లేదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు నాలుగైదు, కిలుము పట్టిన బిళ్ళలు రెండు, ఒక సీసపు గుండు, వేలెడు పొడవున్న ఇత్తడి పుల్ల ఒకటి. "ఇవేమిటో చెప్పండి అయ్యవారూ. ఎవ్వరూ చెప్పలేకున్నారు. పనికిరావంటే పాత ఇనుము వానికి వేసేస్తాను" అన్నాడు.

ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకొన్నది. గుప్తనిధుల పేరిట గుళ్ళను త్రవ్వే దుర్మార్గులను గూర్చి పత్రికలు వ్రాస్తూనే ఉన్నవి, సబబే. కాని నిధి కాని వస్తువు గతి ఏమిటి? దానిని ఎవరూ దొంగిలించరు, ఎవరూ కాపాడరు. పేరు తెలియనందువల్లనే అది కొలిమి పాలవుతున్నది.

మొదట అరచంద్రుని వంటి పలుచని రేకును తీసినాను. అంచున చిన్న రంధ్రాలున్నవి. అదేదో రక్షరేకని అతని ఊహ. అది ఎద్దులాడము. గుర్రపు గిట్ట ఒకటే గనుక లాడము ఒకే వంపుగా ఉంటుంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది గనుక కాలికి రెండు రేకులు కొట్టేవారు. పుంగనూరు పొట్టి ఆవులను నేడు ముచ్చటపడి పెంచుకొంటున్నారు గాని, ఎద్దును పడవేసి లాడము కొట్టడం చూసినవారు మనలో ఎందరున్నారు? ఇటువంటి రేకులు ఆ చేలో ఒకే వరుసన మరికొన్ని దొరికితే, అక్కడ ఒకప్పుడు బండ్లబాట ఉండేదేమోనని అనుమానించవచ్చు. ఏ మూల దొరికినదని అడిగితే అతనికి జ్ఞాపకం లేదు! వస్తువు మిగిలినది, దాని సాక్ష్యం పోయినది.

రెండవ ముక్క బొటనవ్రేలంత లావు చీల, తల వంగి ఉన్నది. దీనిని నేను గుర్తించలేకపోయినాను. కుప్పం దగ్గర సేద్యం చేసే మా వియ్యంకులకు ఛాయాచిత్రం పంపగా, నిమిషంలో జవాబు వచ్చినది: "కడచీల గదా బావగారూ! మా తమిళపు పాలేర్లు కడైయాణి అంటారు." బండిచక్రం ఊడకుండా ఇరుసు కొనన దిగవేసే చీల. కడ యనగా చివర, రెండు భాషలలోనూ. ఈ మాటను నిఘంటువులో ముప్పది ఏండ్లు పిల్లలకు చూపినవాడను, వస్తువు చేతికి వస్తే తెల్లమొగం వేసినాను.

మూడవది సన్నని ఇనుపముల్లు. తాటాకులపై వ్రాసే గంటమని నా గుండె వేగంగా కొట్టుకొన్నది. రెండవ కొన ఆకులను కోసే కత్తివలె పలుచగా ఉండునేమో చూద్దునుగదా, కర్రలో దిగగొట్టే మొండితోక! ములుకోల ముల్లన్నమాట. పండితుని కంటికి ప్రతి మేకూ గంటమే.

సీసపు గుండును చూచి అతడు హైదరు, టిప్పు అంటూ మొదలుపెట్టినాడు. 1791లో మైసూరు యుద్ధంలో గుర్రంకొండను ముట్టడించిన మాట నిజమే. వేటతుపాకులలోనూ సీసపు గుండ్లే వాడేవారు గదా! ఒక్క గుండుతో యుద్ధం కట్టరాదు.

బిళ్ళలలో ఒకటి మన్నుతో పూడిన పంపుసెట్టు వాషరు. రెండవది మాత్రం నాణెం. ఒకవైపు సింహాలు పట్టిన కుంపిణీ ముద్ర, 1808 అనే అంకెలు, వెనుక పారశీక లిపి: ఇరువది కాసుల రాగినాణెం. 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా అయిన కాలమది. ఇవి ఇంగ్లండులో ముద్రింపబడి ఓడలపై చెన్నపట్నానికి వచ్చినవి. అట్టివాటిని మోసుకొని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాననే గుడ్విన్ ఇసుకతిన్నెలపై మునిగిపోయినది.

అతడు దానిని చింతపండుతో తోమబోగా చేయి పట్టుకొన్నాను. ఎందుకంటే యౌవనంలో మా పెరట దొరికిన రాగికాసును నేనట్లే తళతళలాడేదాకా తోమినాను. లిపి తెలుగా కన్నడమా తేలకముందే అరిగిపోయినది. అది నేటికీ నా బల్లసొరుగులో నున్నగా, మూగగా పడి ఉన్నది.

చట్టం సంగతీ చెప్పినాను. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలుపవలె. దాచితే ఏడాది వరకు జైలు. రక్షిత స్థలాలలో అనుమతి లేక త్రవ్వరాదు. అయితే మన చట్టం వెల నడుగుతుంది, పేరు నడుగదు. బ్రిటనులో 1997 నుండి సామాన్యులకు దొరికిన గుండీలను, మేకులను సైతం, దొరికిన చోటుతో సహా నమోదు చేసే పద్ధతి ఉన్నది; అట్లు పది లక్షలకు పైగా వస్తువులు లెక్కకెక్కినవి.

మనకు దారి లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనే వచ్చినది, చేనేత సంపుటం 1971లో. మాటలను సేకరించినట్లే వస్తువులను మాటల ప్రక్కన నిలిపితే ఎంత బాగుండును! 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది. మూడు భాషలు కలిసే ఆ గడ్డకంటె ఇందుకు తగిన చోటేది? విశ్వవిద్యాలయం పూనుకొనేదాకా ఊరి బడిలో ఒక నోటుపుస్తకం చాలు. తూకం, కొలత, చేను, లోతు, ముసలి కమ్మరి చెప్పిన పేరు వ్రాసుకొంటే ఖర్చేమీ లేదు. ఆ కమ్మరి పోకముందే వ్రాసుకొనవలె.

అతడు ముక్కలన్నీ విడివిడి కాగితాలలో చుట్టుకొని వెళ్ళినాడు. ఇత్తడి పుల్లను మాత్రం నా దగ్గర వదలినాడు. ఒక కొన చిన్న గరిటెవలె గుంటగా, రెండవ కొనన తాడు పట్టేంత రంధ్రం. చెవి గుబిలి తీసేదంటాను నేను. ఆకులకు సున్నం రాసేదంటుంది మా ఇల్లాలు. మీ ఇండ్లలో పెద్దలను అడిగి చెప్పగలరా?