గండం తీసుకుపోయిన కుక్క

పన్నెండేళ్లు దాటిన కుక్క. రాత్రి పెరుగన్నం తిని ఎప్పటిలాగే గుమ్మం పక్కన పడుకుంది. తెల్లారి లేవబోయి కూలబడింది. తల ఒక పక్కకి వాలిపోయింది. చేత్తో సరిచేసి వదిలితే మళ్లీ అటే వాలుతోంది. కనుగుడ్లు ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. లేపి నిలబెడితే వాలిన వైపే గిరగిరా తిరిగి గోడకి గుద్దుకుంటోంది. చొంగ, వాంతి. చూడవచ్చినవాళ్లు మూడు మాటల్లో ఏదో ఒకటి అంటారు. ఇంట్లో పెద్దావిడ "గాలి సోకిందిరా" అంటుంది. పక్కింటాయన "పక్షవాతం, ఇక లేవదు" అని తేల్చేస్తాడు. మూడోది పైకి ఓదార్పులా వినిపించే మాట: "మీ ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుందమ్మా."

ఆ తరవాత ఏం జరుగుతుందో మన ఊళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదన్నమాట. మెడలో నల్లతాడు పడుతుంది. నిమ్మకాయ వీధి మలుపుకి చేరుతుంది. అమావాస్య దగ్గర్లో ఉంటే ఇక కారణం వెతుక్కునే పనే లేదు. మూడోనాడో నాలుగోనాడో కుక్క తూలుతూనే లేచి నిలబడుతుంది. రెండు మూడు వారాల్లో ఇంచుమించు మునుపటిలా తిరుగుతుంది, తల మాత్రం కాస్త వంకరగా ఉండిపోవచ్చు. తాడు కట్టినాయన పేరు పక్క వీధి దాకా పాకుతుంది.

ఇందులో అబద్ధమాడినవాళ్లెవరూ లేరు. తాడు కట్టారు, కుక్క లేచింది. రెండూ నిజమే. ఆ రెండింటికీ మధ్య మనం వేసిన ముడి మాత్రం అబద్ధం.

ఒంటిని పడిపోకుండా నిలబెట్టే ఏర్పాటు లోపలి చెవిలో ఉంటుంది. మూడు సన్నటి వంకర గొట్టాలు, వాటిలో ద్రవం. తల ఎటు తిరిగితే ఆ సంగతి ద్రవం కదలికని బట్టి మెదడుకి అందుతుంది. వయసు మళ్లిన కుక్కల్లో ఒక్కోసారి ఒక చెవి నుంచి అందే ఈ కబురు ఉన్నట్టుండి తప్పిపోతుంది. రెండో చెవి ఒకటి చెబుతుంటే ఇది ఇంకొకటి చెబుతుంది. ఇక ఆ కుక్కకి నేలే తిరుగుతున్నట్టుంటుంది. కళ్లు కొట్టుకోవడం, తల వాలడం, వికారం అన్నీ దాని ఫలితాలే. పశువైద్యులు దీన్ని వెస్టిబ్యులర్ జబ్బు అంటారు. ముసలి కుక్కల్లో చాలాసార్లు దీనికి కారణం దొరకదు. అలా కారణం దొరకని రకం మొదటి ఒకటి రెండు రోజులు ఉధృతంగా ఉండి, మూడోరోజు ప్రాంతంలో తగ్గుముఖం పట్టి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అది దాని నడక. తాడు కట్టినా అంతే, కట్టకపోయినా అంతే.

ఈ తర్కం డాక్టరుకీ వర్తిస్తుందని ఒప్పుకోకపోతే అది హేతువాదం కాదు, పక్షపాతం. అదే మొదటి రోజున ఒక స్టెరాయిడ్ సూదీ ఒక బి-కాంప్లెక్సూ పొడిచి పంపిస్తే, నాలుగోనాటికి కుక్క లేస్తే, ఆ పేరు సూదికి పోతుంది. కారణం దొరకని ఈ రకానికి స్టెరాయిడ్లు మేలు చేస్తాయని రుజువు కాలేదు. తెలిసిన డాక్టరు వాంతి ఆపే మందు ఇస్తాడు, తాగలేకపోతున్నదానికి సెలైన్ ఎక్కిస్తాడు, అంతకుముందు చెవిలోకి లైటు వేసి చూస్తాడు. ఎందుకంటే ఇవే లక్షణాలు చెవి లోపలి చీము వల్ల రావచ్చు, థైరాయిడ్ తగ్గినా రావచ్చు, మెదడులో గడ్డ వల్లా రావచ్చు. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ మోతాదు మించినా వస్తాయి. కళ్లు పక్కలకి కాకుండా పైకీ కిందికీ కొట్టుకుంటుంటే అనుమానం చెవి మీద నుంచి మెదడు మీదికి మళ్లుతుంది. రేబిస్ టీకా లేని కుక్కయితే నోట్లో చెయ్యి పెట్టకుండా ముందు ఆ మాటే డాక్టరుతో చెప్పాలి. దిష్టి తీసేవాడు వీటిలో ఒక్కటీ అడగడు. అడగడానికి అతని దగ్గర ఉన్నది ఒకే జబ్బు, ఒకే మందు.

ఆ మూడు రోజులూ కుక్కకి నిజంగా అక్కరకొచ్చేది చాకిరీ. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి కాబట్టి పాత బొంత పరవాలి. మెట్ల వైపు అడ్డం పెట్టాలి. చీకట్లో ఇంకా తికమకపడుతుంది, రాత్రంతా ఒక దీపం వెలగనివ్వాలి. గిన్నె మూతికి అందేలా ఎత్తి పట్టుకోవాలి, అన్నం కొంచెం కొంచెంగా చేత్తో పెట్టాలి. బయటికి తీసుకెళ్లాలంటే పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని నడిపించాలి. ఒక్కసారిగా పైకెత్తితే గాల్లో కాళ్లు కొట్టుకుంటూ బెదిరిపోతుంది. పడుకున్న చోటే తడిపేసుకుంటుంది, తుడిచి ఆరబెట్టాలి. ఒకే పక్క పడి ఉండకుండా కొన్ని గంటలకోసారి మరో పక్కకి తిప్పాలి. ఇంత చేసినవాళ్లు కూడా చివరికి "ఆ తాడు వల్లేనండీ" అంటారు. తన చాకిరీని తానే లెక్కలోంచి కొట్టేసుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు రెండో కుక్క. తొమ్మిదేళ్ల ఆడకుక్క, ఆపరేషన్ చేయించలేదు. ఎదకొచ్చి నెలన్నరయింది. ఉన్నట్టుండి గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతోంది, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తోంది, తిండి ముట్టడం లేదు, మూల పట్టుకుని పడుకుంటోంది. పొట్ట ఉబ్బినట్టుంది. అదే ఉప్పు, అవే మిరపకాయలు, అదే తాడు. కానీ ఇది గర్భసంచిలో చీము పట్టే జబ్బు, పయోమెట్రా. చీము బయటికి కారితే ఇంటివాళ్ల కంట పడుతుంది. గర్భాశయ ద్వారం మూసుకుపోతే లోపలే నిండుతుంది, విషం రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు కాపాడేది ఆపరేషన్, అదీ గంటల్లో. మొదటి కుక్క విషయంలో తాడుతో పోయిన మూడు రోజులు ఊరికే పోయాయి. దీని విషయంలో ఆ మూడు రోజులే ప్రాణం తీస్తాయి.

అది పోయాక ఎవరూ తాడు ఓడిపోయిందనరు. "గండం తీసుకుపోయింది, మీరు బతికారు" అంటారు. మొదటి కుక్క బతికితే నమ్మకం గెలిచింది, రెండోది చచ్చినా నమ్మకమే గెలిచింది. ఏం జరిగితే ఈ మాట తప్పవుతుందో చెప్పమంటే జవాబుండదు. హేతువాది అబ్రహాం కోవూర్ 1963లో సిలోన్‌లో లక్ష రూపాయల పందెం ప్రకటించినప్పుడు అడిగింది ఇదే: మహిమ చూపించండి, మోసానికి వీల్లేని షరతుల కింద చూపించండి అని. ఆయన అడిగింది బాబాలను. ఆ ప్రశ్న మన వీధి చివర తాడు కట్టేవాడికీ సరిపోతుంది. కట్టక ముందే చెప్పు నాయనా, ఎన్నో రోజుకి లేస్తుంది? లేవకపోతే తప్పు ఎవరిది?

ఈ గర్భసంచి జబ్బుని ముందే రాకుండా చెయ్యొచ్చన్నది ఇంకో కడుపుమంట. గర్భసంచి తీయించేస్తే చీము పట్టేందుకు చోటుండదు. "ఒక్క కాన్పయినా కానివ్వాలి, లేకపోతే పాపం" అని ఆపేది మనమే. ఆ పిల్లలు ఏ కాలవ గట్టున తేలుతున్నాయో ఆలోచించని పాపభీతి ఇది.

గండం మాటలో ఓదార్పు ఉంది, కాదనను. పదేళ్లు వెంట తిరిగినది కళ్ల ముందు పోతుంటే దానికి ఏదో అర్థం ఉండాలనిపిస్తుంది. కానీ ఆ ఓదార్పు చచ్చాక చెప్పుకునేది కాదు, బతికుండగానే మొదలవుతుంది. "అది తీసుకోవాలని వచ్చింది, అడ్డుపడకూడదు" అని సెలైన్ పీకించేసినవాళ్లున్నారు. కొన్నిసార్లు గండం వెనక ఉన్నది డబ్బు. మండలం ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి తిరిగింది గేదెలకీ గొర్రెలకీ. కుక్కకి స్కానింగ్ కావాలంటే పట్నం పోవాలి, వేలు పెట్టాలి. డబ్బులు లేవన్న మాటలో తప్పేం లేదు, అలా చెబితే తక్కువ ఖర్చులో ఏం చెయ్యొచ్చో డాక్టరయినా ఆలోచిస్తాడు. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకి ఆస్పత్రులున్నాయి. లేనితనానికి గండం ముసుగు కప్పితే ఆ దారీ మూసుకుపోతుంది.

ముసలి కుక్క రాత్రిళ్లు ఏడుస్తుంది. దానికి యమభటులు కనిపిస్తారని మనవాళ్ల లెక్క. పద్నాలుగేళ్ల కుక్క అర్ధరాత్రి గోడకేసి చూస్తూ ఊళ పెడుతోందంటే చెవులు వినపడక, కీళ్లు నొప్పెట్టి, మతిమరుపు వచ్చి ఎక్కడున్నదీ తెలియక కావచ్చు. మనుషుల్లాగే కుక్కలకీ వయసుతో మెదడు మందగిస్తుంది. ఇంట్లో ముసలాయన మంచం పట్టి ఉంటే మాత్రం ఆ కుక్కని తెల్లారేసరికి బస్టాండు దగ్గర వదిలేసి వస్తారు. ఆయన ఆ తరవాత ఎన్నేళ్లు బతికినా ఎవరూ దాన్ని వెతికి తీసుకురారు.

మన దగ్గర కుక్క కుక్కగా ఉంటే చాలదు. భైరవుడి వాహనమో శనికి పరిహారమో కావాలి. శనివారం నల్ల కుక్కని వెతికి నూనె రాసిన చపాతీ పెట్టేవాళ్లు, ఆ కుక్క కాలికి పురుగులు పట్టి కుంటుతున్నా చూడరు. మహాభారతాన్ని ఎంత భక్తిగా చదివినా ఇదే వరస. జనమేజయుడి తమ్ముళ్లు ఊరికే కొట్టిన కుక్కపిల్ల కోసం దాని తల్లి సరమ వచ్చి నిలదీయడం మొదట్లో ఉంది. స్వర్గం కాదని కుక్కని వదలనన్న ధర్మరాజు చివర్లో ఉన్నాడు. మనకి గుర్తుండేది అది యమధర్మరాజని తేలిన ముక్క ఒక్కటే. వదలనన్నప్పుడు ధర్మరాజుకి ఆ సంగతి తెలియదు. అతని దృష్టిలో అది వట్టి కుక్క.

నాటువైద్యంలో తాడుకంటే ప్రమాదకరమైనది పసరు. తల తిరుగుతున్న కుక్క దవడ పట్టి తెరిచి ఆకుపసరు పోస్తే అది గొంతులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉన్న జబ్బుకి న్యుమోనియా తోడవుతుంది. చదువుకున్నవాళ్ల పసరు వేరే ఉంది: "నొప్పిగా ఉంది పాపం" అని తాము వేసుకునే ఐబూప్రోఫెనో డైక్లోఫెనాకో అన్నంలో కలిపి పెట్టడం. అవి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి.

ఇక తగ్గని జబ్బు, తీరని బాధ అయినప్పుడు డాక్టరు మత్తు మందుతో నొప్పి లేకుండా కన్ను మూయించగలడు. "మా చేతులతో చంపితే పాపం" అంటారు ఇంటివాళ్లు. దాన్నే ఆటోలో వేసుకెళ్లి గుడి ముందో హైవే పక్కనో దించి వచ్చేటప్పుడు ఆ పాపం గుర్తురాదు. ఆకలిదప్పులతో మాడే చోట జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దిష్టి గుమ్మడికాయ అంతకంటే ఖరీదు.

మీ ఇంట్లో ఏడేళ్లు దాటిన ఆడకుక్క ఆపరేషన్ లేకుండా ఉంటే, అది ఎప్పుడు ఎదకొచ్చిందో క్యాలెండరు మీద రాసుకోండి. ఆ తరవాత రెండు నెలల పాటు నీళ్ల గిన్నె మీద ఒక కన్నేసి ఉంచండి. మామూలుకంటే ఎక్కువ తాగుతూ అన్నం మానేసిందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తాడు కడతానని ఎవరైనా పట్టుబడితే ఆటోలో కట్టమనండి.